ఇంజిన్‌లో ఒక కంపెనీ, స్టేషన్‌లో మరో కంపెనీ: తెల్లాపూర్ లైన్‌లో ‘కవచ్’ మాట ఎలా కలుస్తోంది?

లింగంపల్లి దాటి వికారాబాద్ వైపు వెళ్లే రైలుకు మొదట వచ్చే స్టేషన్ తెల్లాపూర్. చుట్టూ అపార్ట్‌మెంట్లు, విల్లాలు లేచాక ఈ పేరు ఎక్కువగా రియల్ ఎస్టేట్ వార్తల్లోనే వినిపిస్తోంది. రైల్వే సిగ్నలింగ్ ఇంజినీర్లకు మాత్రం ఈ లైన్ వేరే కారణంతో గుర్తుంటుంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే ‘కవచ్’ వ్యవస్థను తొలినాళ్లలో పరీక్షించిన మార్గాల్లో లింగంపల్లి–వికారాబాద్–వాడి సెక్షన్ ఒకటి.

2022 మార్చి 4న ఇదే లైన్‌లో, గుల్లగూడ–చిట్టిగిడ్డ స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒక ఇంజిన్‌లో ఎక్కారు. అదే పట్టా మీద ఎదురుగా ఉన్న మరో రైల్లో రైల్వే బోర్డు ఛైర్మన్ ఉన్నారు. మంత్రి ఉన్న ఇంజిన్ దానంతట అదే బ్రేకు వేసుకుని, రెండో దానికి 380 మీటర్ల దూరంలో ఆగిపోయింది. ఆ వీడియో దేశమంతా చూసింది.

అయితే ఆ వీడియోలో కనిపించని విషయం ఒకటి ఉంది. కవచ్ పరికరాలను ఒకే కంపెనీ తయారు చేయదు. ఇంజిన్‌లో ఉన్న పెట్టె ఒక కంపెనీది, స్టేషన్‌లో ఉన్నది ఇంకో కంపెనీది అయినా రెండూ రేడియోలో ఒకదాని మాట ఒకటి తప్పులేకుండా అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోలేకపోతే ఎన్ని కోట్లు పెట్టి బిగించినా అవి ఉత్త పెట్టెలే. ఈ కథనం ఆ కలయిక గురించే.

కవచ్ అంటే ఏమిటి, ఏం చేస్తుంది?

లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటబోతున్నా, అనుమతించిన వేగం మించినా ముందు హెచ్చరించి, స్పందన లేకపోతే తానే బ్రేకు వేసే వ్యవస్థ ఇది. సిగ్నల్ ఏ రంగులో ఉందో ఇంజిన్ క్యాబిన్‌లోని తెర మీదే చూపిస్తుంది. పొగమంచులో ఇది చాలా పెద్ద సాయం. లెవెల్ క్రాసింగ్ దగ్గర హారన్ కూడా అదే మోగిస్తుంది.

లక్నోలోని రైల్వే పరిశోధన, ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓ దీన్ని రూపొందించింది. మొదట టీకాస్ అనేవారు. ప్రయాణికుల రైళ్ల మీద ప్రయోగాలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. 2018–19లో మూడు కంపెనీలకు సరఫరా అనుమతి దొరికింది. 2020 జులైలో దీన్ని జాతీయ వ్యవస్థగా ప్రకటించారు.

ఆ మూడు కంపెనీలు మేధా సర్వో డ్రైవ్స్, హెచ్‌బీఎల్ పవర్ సిస్టమ్స్, కెర్నెక్స్ మైక్రోసిస్టమ్స్. మూడూ హైదరాబాద్‌వే. మేధాకు శంకర్‌పల్లి దగ్గర కొండకల్‌లో కోచ్ ఫ్యాక్టరీ కూడా ఉంది. అంటే తయారైనదీ, పరీక్షించిందీ, నడుస్తున్నదీ దాదాపు మన చుట్టుపక్కలే.

తెల్లాపూర్ మీదుగా ఒక రైలు వెళ్తుంటే ఏం జరుగుతుంది?

పట్టాల మధ్య స్లీపర్ల మీద చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్‌లు బిగించి ఉంటాయి. దాదాపు కిలోమీటరుకు ఒకటి, సిగ్నళ్ల దగ్గర విడిగా. టోల్‌గేట్ దగ్గర మీ కారు ఫాస్టాగ్‌ను స్కానర్ చదివినట్టే, ఇంజిన్ అడుగున ఉన్న రీడర్ ఈ ట్యాగ్‌లను చదువుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ ట్యాగ్ కదలదు, స్కానర్ పరిగెడుతుంది. ట్యాగ్ చెప్పేది ‘నువ్వు ఇప్పుడు ఫలానా చోట, ఫలానా పట్టా మీద ఉన్నావు’ అని. రెండు ట్యాగ్‌ల మధ్య దూరాన్ని చక్రాల దగ్గరి సెన్సర్లు లెక్కపెడతాయి.

జీపీఎస్ ఉండగా ఇన్ని ట్యాగ్‌లు ఎందుకు అని అడగొచ్చు. పక్కపక్కనే రెండు పట్టాలు ఉన్నప్పుడు రైలు ఏ పట్టా మీద ఉందో జీపీఎస్ కచ్చితంగా తేల్చలేదు. కవచ్‌కు ముందు కొంకణ్ రైల్వే తెచ్చిన యాంటీ కొలిజన్ డివైస్ జీపీఎస్ ఆధారంగానే పనిచేసేది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో దాన్ని పెట్టారు కూడా. పక్క పట్టా మీది రైలును చూసి ఈ రైలుకు బ్రేకు పడితే ఆ పరికరాన్ని ఎవరూ నమ్మరు. తెల్లాపూర్ దగ్గర ఈ సంగతి ఇంకా ముఖ్యం. ప్రధాన లైన్ నుంచి రామచంద్రాపురం వైపు ఎంఎంటీఎస్ రెండో దశ లైన్ విడిపోయేది ఇక్కడే. ముంబయి వైపు వెళ్లే హుస్సేన్‌సాగర్, కోణార్క్ లాంటి ఎక్స్‌ప్రెస్‌లు ఆగకుండా వెళ్లేదీ ఇటే.

ఇంజిన్ తన స్థానం, వేగం, దిశ తెలుసుకున్నాక రేడియోలో స్టేషన్‌ను పలకరిస్తుంది. స్టేషన్లలో పొడవాటి టవర్లు కనిపిస్తాయి కదా, వాటి మీద ఉండే యాంటెన్నాలు ఆ మాట వింటాయి. స్టేషన్‌లోని కవచ్ పరికరానికి ముందున్న సిగ్నల్ రంగు, పాయింట్లు ఎటు తిరిగి ఉన్నాయి, ముందు ఏ రైలు ఉంది అన్నవి తెలుసు. వాటిని బట్టి ‘ఇంత దూరం వరకు రావచ్చు, ఇంత వేగం దాటొద్దు’ అని తిరిగి చెబుతుంది. ఈ సంభాషణ రైలు నడిచినంతసేపూ సాగుతుంది. ఒక స్టేషన్ పరిధి దాటి మరో స్టేషన్ పరిధిలోకి వెళ్లగానే ఇంజిన్ కొత్త స్టేషన్‌తో మాట్లాడాలి. ఆ స్టేషన్‌లో ఉన్నది ఏ కంపెనీ పరికరమో ఇంజిన్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ ఉండకూడదు.

అన్నీ ఒకే కంపెనీకి ఇస్తే గొడవ ఉండదు కదా?

హైదరాబాద్ మెట్రో చేసింది సరిగ్గా అదే. మియాపూర్ నుంచి, రాయదుర్గం నుంచి నడిచే మెట్రో రైళ్ల నియంత్రణ వ్యవస్థను థేల్స్ అనే ఒక్క సంస్థ ఇచ్చింది. ఆ సంస్థ రైల్వే సిగ్నలింగ్ విభాగాన్ని 2024లో హిటాచీ రైల్ కొనుక్కుంది. మెట్రోలో ఇది నడుస్తుంది. ఎందుకంటే అక్కడి రైలు ఆ పట్టాలు దాటి బయటికి రాదు, బయటి రైలు లోపలికి రాదు.

రైల్వేలో అలా కుదరదు. సికింద్రాబాద్‌లో బయల్దేరిన ఇంజిన్ వాడి, షోలాపూర్ దాటి ముంబయి వెళ్తుంది. మర్నాడు అదే ఇంజిన్ ఇంకో జోన్‌లో గూడ్సు లాగుతుంది. దేశం మొత్తాన్ని ఒక్క కంపెనీకి అప్పగిస్తే ధర ఆ కంపెనీ చెప్పిందే, విడిభాగాలు ఆ కంపెనీ ఇచ్చినప్పుడే. జోన్‌కో కంపెనీకి, కలిసి పనిచేయాలన్న షరతు లేకుండా ఇస్తే ఇంజిన్‌లో నాలుగైదు రకాల పెట్టెలు మోయాలి. యూరప్ ఈ రెండో తప్పు చేసి చూసింది. ఒక్కో దేశం తనకు నచ్చిన రక్షణ వ్యవస్థ పెట్టుకుంది. పారిస్ నుంచి బ్రస్సెల్స్ మీదుగా ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ వెళ్లే థాలిస్ రైళ్లు దేశానికో పరికరం చొప్పున మోసుకు తిరగాల్సి వచ్చింది. ఆ బాధ తీర్చుకోడానికే ఈటీసీఎస్ అనే ఉమ్మడి ప్రమాణం తెచ్చుకున్నారు. దాన్ని ఖండమంతా పరిచే పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది.

భారతీయ రైల్వే మొదటి నుంచే వేరే దారి పట్టింది. పరికరం లోపల ఎలా కట్టుకున్నా మీ ఇష్టం, బయటికి మాట్లాడే భాష మాత్రం మేం రాసిందే అంది. ఆ భాష ఉన్న పత్రమే ఆర్‌డీఎస్‌ఓ ఎస్‌పీఎన్ 196. ట్యాగ్‌లో ఏ సమాచారం ఏ వరసలో ఉండాలి, రేడియో సందేశంలో ఏ అంకె ఏ అర్థం ఇవ్వాలి, జవాబు రాకపోతే ఇంజిన్ ఏం చేయాలి లాంటివన్నీ అందులో రాసి ఉంటాయి. కంపెనీల పోటీ ధర మీద, నాణ్యత మీద ఉంటుంది కానీ భాష మీద ఉండదు.

ఒకే రేడియో వాడితే చాలదా?

చాలదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. దీనికి తెల్లాపూర్‌కు దగ్గర్లోనే ఉన్న పటాన్‌చెరు లాంటి పారిశ్రామికవాడల నుంచి ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. రసాయన పరిశ్రమల్లో ట్యాంకుల ఉష్ణోగ్రత, ఒత్తిడి కొలిచే వైర్‌లెస్ సెన్సర్లకు ప్రపంచంలో రెండు పెద్ద ప్రమాణాలున్నాయి. ఒకటి వైర్‌లెస్ హార్ట్, రెండోది ఐఎస్‌ఏ 100. రెండూ మన ఇంటి వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్లోనే, ఒకే రకం రేడియో పునాది మీదే పనిచేస్తాయి. అయినా ఒక దాని సెన్సర్ రెండో దాని నెట్‌వర్క్‌లో నేరుగా చేరలేదు. రెండూ ఉన్న ప్లాంటులో మధ్యలో అనువాదకుడి లాంటి గేట్‌వే పెట్టుకోవాల్సిందే. ఫోన్ కలిసింది, కానీ అవతలి మనిషి మాట్లాడే భాష మనకు రాదు. అలాంటి పరిస్థితి అన్నమాట.

ఫ్యాక్టరీలో సెన్సర్ రీడింగ్ కొంచెం ఆలస్యమైనా చాలాసార్లు సర్దుకోవచ్చు. వంద కిలోమీటర్ల వేగంతో వస్తున్న రైలుకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే కవచ్‌లో ఎవరు ఎప్పుడు మాట్లాడాలో కూడా నిర్ణయించారు. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ గుర్తు తెచ్చుకోండి. అందరూ ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా వినపడదు. కవచ్ ఒక్కో ఇంజిన్‌కు ఒక్కో చిన్న సమయపు ముక్క కేటాయిస్తుంది. ఆ ముక్కలోనే అది మాట్లాడాలి. ఇది కుదరాలంటే అన్ని కంపెనీల పరికరాల గడియారాలూ ఒక్కటే టైము చూపించాలి. ఆ టైమును ఉపగ్రహాల నుంచి తీసుకుంటారు. చూశారా, పట్టా తేల్చడానికి పనికిరాదన్న జీపీఎస్ ఇక్కడ గడియారంగా పనికొచ్చింది.

మరో సంగతి, ఆ సందేశం నిజంగా స్టేషన్ నుంచే వచ్చిందా అన్నది. ఎవరో దొంగ సందేశం పంపి రైలును ఆపడమో, ఆగాల్సిన రైలును కదిలించడమో చేయకూడదు. అందుకే సందేశాలకు రహస్య తాళంచెవులతో ముద్ర వేస్తారు. ఇంజిన్లకూ స్టేషన్లకూ ఆ తాళాలు ఒకే కేంద్ర వ్యవస్థ నుంచి అందుతాయి. ఏ కంపెనీ పరికరమైనా ఆ తాళాన్ని ఒకేలా వాడాలి.

అసలు కష్టం ఎక్కడుంది?

రేడియోలో కంటే, రేడియోకు రెండు చివర్లా ఉన్న పాత యంత్రాలతోనే అసలు తంటా.

స్టేషన్ వైపు ‘ఇంటర్‌లాకింగ్’ ఉంటుంది. పాయింట్లు ఒకవైపు తిరిగి ఉన్నప్పుడు దానికి విరుద్ధమైన సిగ్నల్ పచ్చ పడకుండా చూసే మెదడు అది. కొన్ని స్టేషన్లలో ఇది ఇప్పటికీ వందల రిలేలతో నిండిన గది. కొన్నిచోట్ల కంప్యూటర్ ఆధారిత ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ ఉంది, అదీ రకరకాల కంపెనీలది. కవచ్ దగ్గర సొంతంగా సిగ్నల్ చూసే కన్ను లేదు. ఈ మెదడు చెప్పిందే దానికి తెలుసు. రిలే గదిలో అయితే ఒక్కో సిగ్నల్‌కు, ఒక్కో పాయింటుకు విడిగా తీగ లాగి కవచ్‌కు కలపాలి. పెద్ద యార్డులో ఇవి వందల్లో ఉంటాయి. ప్రతి తీగనూ పరీక్షించి, సరైన చోటే కలిసిందని సంతకం పెట్టాలి.

2024 జులై 16న ఆమోదించిన కవచ్ 4.0లో రైల్వే చెప్పిన ముఖ్యమైన మార్పుల్లో రెండు సరిగ్గా ఈ అతుకుల గురించే. ఒకటి, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌తో కవచ్ నేరుగా మాట్లాడటం. రెండోది, పక్క పక్క స్టేషన్లలోని కవచ్‌లు ఆప్టికల్ ఫైబర్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. స్థానం ఇంకా కచ్చితంగా తెలియడం, పెద్ద యార్డుల్లో సిగ్నళ్ల సమాచారం మెరుగవడం మిగతావి. ఇది చూస్తే ఇన్నేళ్ల అనుభవం ఇంజినీర్లకు ఏం నేర్పిందో తెలుస్తుంది.

ఇంజిన్ వైపు బ్రేకులు. పాత ఇంజిన్లలో గాలి కవాటాలతో నడిచే బ్రేకు వ్యవస్థ ఉంటుంది, కొత్త వాటిలో కంప్యూటర్ నియంత్రణ ఉంటుంది. డీజిల్‌ది ఒక తీరు, కరెంటు ఇంజిన్‌ది ఒక తీరు, ఎంఎంటీఎస్ లాంటి లోకల్ రైళ్లది మరో తీరు. ‘బ్రేకు వెయ్యి’ అన్న ఒక్క ఆజ్ఞను ఇన్ని రకాల యంత్రాలకు అర్థమయ్యేలా చెప్పాలి. అదీగాక ఖాళీ పెట్టెల రైలు ఆగే దూరం వేరు, బొగ్గు నింపిన గూడ్సు ఆగే దూరం వేరు. ముందే బ్రేకు పడితే రైళ్లు ఆలస్యం, లోకో పైలట్‌కు చిరాకు. ఆలస్యంగా పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇంకోటి కూడా ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది డేటా. ఏ ట్యాగ్ ఎక్కడుంది, ఏ సిగ్నల్ ఎన్ని మీటర్ల దూరం, ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం, ఏ వంపులో ఎంత వేగం అన్నవన్నీ కొలిచి ఎక్కించాలి. ఒక కొత్త లైన్ కలిసినా, ఒక సిగ్నల్ స్తంభం జరిపినా ఆ మేరకు అన్నీ మార్చి మళ్లీ పరీక్షించాలి. నగరం పెరుగుతున్న కొద్దీ లైన్లు, ప్లాట్‌ఫారాలు పెరిగే లింగంపల్లి, తెల్లాపూర్ లాంటి చోట్ల ఇది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు.

కవచ్ లేకపోతే, ఉన్నా సగమే ఉంటే?

2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ–పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి విశాఖ–రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. 14 మంది చనిపోయారు. సిగ్నల్ దాటి వెళ్లడం వల్ల జరిగిన ప్రమాదమది. ఆ మార్గంలో అప్పటికి కవచ్ లేదు. ఇలాంటి ప్రమాదాన్ని ఆపడానికే ఈ వ్యవస్థ పుట్టింది.

అదే ఏడాది జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్ దగ్గర జరిగింది వేరే రకం. అక్కడ సిగ్నల్ సర్క్యూట్‌లో చేసిన మార్పుల్లో లోపం వల్ల, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైన్‌కు పచ్చ సిగ్నల్ పడినా పాయింట్లు లూప్ లైన్ వైపు ఉన్నాయని దర్యాప్తు తేల్చింది. ఇంటర్‌లాకింగే తప్పు చెబితే కవచ్ ఆ తప్పునే నమ్ముతుంది. కాబట్టి ‘కవచ్ ఉంటే ఏ ప్రమాదమూ జరగదు’ అనే మాట వినపడితే నమ్మకండి. విరిగిన పట్టాను అది చూడలేదు. పట్టాల మీదికి వచ్చిన పశువునూ, మనిషినీ చూడలేదు.

సగమే ఉండటం మరో సమస్య. పట్టా వైపు, ఇంజిన్ వైపు రెండుచోట్లా ఉంటేనే కవచ్ పూర్తిగా పనిచేస్తుంది. 2024లో రైల్వే చెప్పిన లెక్క ప్రకారం దక్షిణ మధ్య రైల్వేలో 1465 రూట్ కిలోమీటర్లలో, 144 ఇంజిన్లలో కవచ్ ఉంది. ఆ పట్టాల మీద నడిచే ఇంజిన్లన్నీ ఆ 144లోవే కావు. పరికరం లేని ఇంజిన్ ఆ లైన్‌లోకి వస్తే పాత పద్ధతిలోనే, లోకో పైలట్ కంటిచూపు మీదే నడుస్తుంది. పరికరం ఉన్న ఇంజిన్ కవచ్ లేని లైన్‌లోకి వెళ్లినా అంతే. అప్పుడు అది ‘సిబ్బంది బాధ్యత’ అనే పద్ధతిలోకి మారుతుంది. పేరులోనే అంతా ఉంది.

ఖర్చు సంగతికొస్తే, పట్టా వైపు స్టేషన్ పరికరాలతో కలిపి కిలోమీటరుకు సుమారు రూ.50 లక్షలు, ఇంజిన్‌కు సుమారు రూ.80 లక్షలు అని రైల్వే చెప్పింది. తెల్లాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్ ధర దీనికి అటూఇటూగానే ఉంటుంది. మొత్తం దేశానికి లెక్కేస్తే మాత్రం పెద్ద మొత్తమే. ఇన్ని కంపెనీలు ఒకే భాష మాట్లాడాలన్న పట్టుదల ఇక్కడే డబ్బు రూపంలో ఉపయోగపడుతుంది. టెండర్ వేసిన ప్రతిసారీ పోటీ ఉంటుంది. హైదరాబాద్ కంపెనీల తర్వాత సీమెన్స్, క్యోసాన్ లాంటివి కూడా ఈ రంగంలోకి వచ్చాయి.

ఇప్పుడు మన లైన్ పరిస్థితి ఏమిటి?

ముందు పెట్టినవాళ్లకు ఉండే ఇబ్బందే మనకూ ఉంది. దక్షిణ మధ్య రైల్వేలో మొదట వేసింది 3.2 వెర్షన్. ఆ తర్వాత వచ్చింది 4.0. ఢిల్లీ–ముంబయి మార్గంలోని మథుర–కోట సెక్షన్‌లో 2025 జులైలో 4.0ను ప్రారంభించారు. పాత వెర్షన్ ఉన్న చోట్లను కొత్తదానికి మార్చాలి. మార్పు జరుగుతున్న కాలంలో పాత స్టేషన్, కొత్త ఇంజిన్ ఒకదాన్నొకటి అర్థం చేసుకోవాలి. ఇన్నాళ్లూ కంపెనీకీ కంపెనీకీ మధ్య ఉన్న అనువాద సమస్య ఇప్పుడు వెర్షన్‌కూ వెర్షన్‌కూ మధ్య వచ్చిందన్నమాట.

దాని వెనకాలే ఇంకో మార్పు వస్తోంది. ప్రస్తుతం కవచ్ యూహెచ్‌ఎఫ్ రేడియో మీద నడుస్తోంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రైల్వేకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్ కేటాయించింది. మన 4జీ ఫోన్లలో ఉండే ఎల్‌టీఈ పద్ధతిలో సొంత నెట్‌వర్క్ కట్టుకోడానికి. కవచ్‌ను దాని మీదికి తేవాలన్నది ఆలోచన. అప్పుడు రేడియో మారుతుంది. సందేశాల అర్థం మాత్రం మారకూడదు. భాషను రేడియో నుంచి విడిగా, పత్రంలో స్పష్టంగా రాసిపెట్టుకున్నవాళ్లకే ఈ మార్పు తేలికవుతుంది.

ఇన్ని రకాల పరికరాలను బిగించి, అతుకులు కలిపి, తప్పులు పట్టుకునే మనుషులు కూడా కావాలి. సిగ్నలింగ్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. 1957లో మొదలైన ఈ సంస్థలో ఇప్పుడు కవచ్‌కు ప్రత్యేక కేంద్రం నడుస్తోంది.

ప్రయాణికుడిగా మీకు తెలిసేదేమిటి? నిజానికి చాలా తక్కువ. మీరు ఎక్కే రైలు ఇంజిన్‌కు కవచ్ ఉందో లేదో టికెట్ మీద రాదు. లింగంపల్లి–వికారాబాద్ మధ్య కిటికీ పక్కన సీటు దొరికితే స్టేషన్ల దగ్గర పొడవాటి రేడియో టవర్లను గమనించవచ్చు. ప్లాట్‌ఫారం చివర నిలబడి చూస్తే స్లీపర్ల మీద ట్యాగ్‌లు కూడా కనపడతాయి. పసుపు గీత మాత్రం దాటకండి. మిమ్మల్ని చూసి బ్రేకు వేసే శక్తి కవచ్‌కు లేదు.